ఎన్నియోన్ చేసిన కూజా

మన భాషలో స్త్రీల చేతికంకణమునకును, అది తయారగు పదార్థమునకును గాజు అనియే పేరు. పగిలినచో రెండును చెత్తలోనికే పోవును. అట్లు పగిలి, కాలి, బూడిదలో పడిన గాజుకూజా యొకటి 1,900 సంవత్సరముల పిదప తన్ను చేసినవాని పేరుతో బయటికి వచ్చినది. ఆ కథ శ్రోతలకు మనవిచేయుదును.

గాజు అతి ప్రాచీనమైనదే. ఇసుకను సహజ క్షారముతో కలిపి కరగించుట పూర్వులెరుగుదురు. కాని పాత్ర చేయుటయే కష్టము. మట్టిముద్దచుట్టు కరగిన గాజును చుట్టి, చల్లారిన పిదప లోపలి మట్టిని గీకివేయవలెను. చిన్న అత్తరుబుడ్డికే ఇంత శ్రమ! అందుచేత గాజుపాత్ర కలవారి సొత్తుగా నుండెను.

క్రీ. పూ. 1వ శతాబ్ది మధ్యభాగమున యెరూషలేము పనివారు గాజుగొట్టము నొక కొనను మూసి, వేడిచేసి, రెండవ కొననుండి ఊదిరి. బుడగ లేచినది! 1969లో ఆ నగరపు యూదుల పేటయందు నాహ్మన్ అవిగాడ్ ప్రారంభించిన త్రవ్వకములలో అట్టి గొట్టములును, సగము ఊదిన బుడగలును కార్ఖానా చెత్తగా దొరికినవి. చరిత్రకారునకు చెత్తకుప్పను మించిన గ్రంథాలయము లేదని నాకు పలుమారు తోచినది.

పిదప లోహపు ఊదుగొట్టము వచ్చినది. మన వంటయిండ్లలో పొయ్యి నూదిన గొట్టమునకు అది దూరపు చుట్టమే. త్వరలోనే రోమునగరమున ఒక రాగినాణెమునకు గాజుగిన్నె లభించుచున్నదని స్ట్రాబో వ్రాసెను.

క్రీ. శ. 1వ శతాబ్దిలో మరియొక అడుగు పడెను. బుడగను చెక్కడపు మూసలో నుంచి ఊదినచో, అది మూసగోడల కంటుకొని, లతలు, రేకులు, అక్షరములు సైతము ఒక్క ఊపిరిలో గాజుపై తేలును. ఈ విద్యలో ఎన్నియోన్ అగ్రగణ్యుడు. నేటి లెబనాను తీరమునందలి సిడాను ప్రాంతపువాడని పండితుల అభిప్రాయము. అతని పాత్రలు సైప్రసు, ఉత్తర ఇటలీ, స్పెయిను, నల్లసముద్ర తీరములందు దొరికినవి. 2014లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియము వానితో ప్రత్యేక ప్రదర్శనమే ఏర్పాటు చేసెను. కొన్ని గిన్నెలపై ఒకవైపున అతని పేరును, రెండవవైపున కొన్నవాడు స్మరింపబడుగాక యను ఆకాంక్షయు గ్రీకు లిపిలో నున్నవి. అంగడిసరకుపై ఇంత మర్యాద!

క్రీ. శ. 70లో టైటసు సేనలు యెరూషలేమును తగులబెట్టినవి. ఆ యూదుల పేటలోనే, దగ్ధమైన ఒక సంపన్నగృహపు శిథిలములలో, అవిగాడ్ బృందమునకు ఎన్నియోన్ కూజా కనబడినది. మంటల వేడికి గాజు మెత్తబడి దాని ఆకృతి చెడినది. దానిని కొని తెచ్చుకొన్న గృహస్థుని పేరు ఆ కూజాపై లేదు. ఎన్నియోన్ చేసెనను మాట మాత్రము చదువుటకు వీలుగా నిలిచియున్నది.