హోమ్ థియేటర్

హోమ్ థియేటర్ అనగా సినిమా హాలులో వలె ప్రేక్షకుని చుట్టూ శబ్దం వినిపించేటట్లు ఇంటిలో అమర్చుకొనే దృశ్య, శ్రవణ పరికరాల సమూహము. టెలివిజన్ లేదా ప్రొజెక్టరు, యాంప్లిఫయరు, స్పీకర్లు, సబ్‌వూఫరు ఇందులో ముఖ్య భాగాలు. శ్రవణ పరికరాలను తక్కువ ఖర్చుతో ఎన్నుకొని అమర్చుకొనే విధానం ఈ వ్యాసంలో వివరించబడినది. గది, వాతావరణం, విద్యుత్తు చూపే ప్రభావానికి తెలంగాణలోని ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల పరిస్థితులు ఉదాహరణగా తీసుకొనబడినవి. స్పీకర్ల సంఖ్య కంటే వాటి స్థానము, గది స్వభావము వినికిడి నాణ్యతను ఎక్కువగా నిర్ణయిస్తాయి.

నేపథ్యం

భద్రాచలంలో శ్రీరామనవమి నాడు జరిగే సీతారామ కళ్యాణాన్ని ఆకాశవాణిలో ఉషశ్రీ వ్యాఖ్యానం ద్వారా తెలుగువారు ఎన్నో ఏళ్ళు విన్నారు. అప్పటి రేడియోలలో చాలా వాటికి ఉన్నది ఒకే స్పీకరు. మాట స్పష్టంగా వినబడితే దృశ్యం కళ్ళకు కడుతుందనటానికి ఇది మంచి నిదర్శనం. సినిమా హాళ్ళలో డాల్బీ డిజిటల్ 1992లోను, డీటీఎస్ 1993లోను ప్రవేశించాయి. 1996లో జపానులో విడుదలైన డీవీడీ ద్వారా బహుళ మార్గాల ధ్వని ఇళ్ళలోకి విస్తరించింది. పైకప్పు నుండి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ 2012లో వచ్చింది.

5.1 అంటే ఏమిటి?

ఎడమ, మధ్య, కుడి, వెనుక ఎడమ, వెనుక కుడి అను ఐదు మార్గాలను "5" అంకె సూచిస్తుంది. "1" అనునది సుమారు 120 హెర్ట్జ్ లోపు మంద్రధ్వనులకు కేటాయించిన ప్రత్యేక మార్గము. సంభాషణలలో అధిక భాగం మధ్య స్పీకరు నుండి వెలువడుతుంది.

తక్కువ ధరకు దొరికే సెట్లలో ఐదు స్పీకర్లు ఉన్నంత మాత్రాన అవి నిజమైన 5.1 కావు. డిజిటల్ సంకేతాన్ని విడదీసే డీకోడరు లేని సెట్లు రెండు మార్గాల స్టీరియో శబ్దాన్నే వెనుక స్పీకర్లకు కూడా పంపుతాయి. కొనే ముందు హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ లేదా ఆప్టికల్ ఇన్‌పుట్, డాల్బీ డిజిటల్ డీకోడరు ఉన్నవో లేదో చూడవలెను. కేవలం ఆక్స్, బ్లూటూత్ మాత్రమే ఉన్న సెట్టులో 5.1 శబ్దం రాదు.

వాట్ల లెక్క

అట్టపెట్టెపై పెద్ద అక్షరాలతో ముద్రించే పీఎంపీఓ వాట్లకు నిర్దిష్ట ప్రమాణం లేదు. ఆర్‌ఎంఎస్ వాట్లను మాత్రమే పరిగణించాలి. అదికూడా సగం కథే. ఒక వాట్ శక్తికి ఒక మీటరు దూరంలో స్పీకరు ఎంత శబ్దం ఇస్తుందో తెలిపే కొలతను సెన్సిటివిటీ అంటారు. 87 డెసిబెళ్ళ స్పీకరు 100 వాట్లతో ఇచ్చే శబ్దాన్ని 90 డెసిబెళ్ళ స్పీకరు 50 వాట్లతోనే ఇస్తుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్ళు మాత్రమే. చెవికి శబ్దం రెట్టింపు అనిపించటానికి సుమారు పది రెట్ల శక్తి కావాలి.

ఎన్నుకొనే క్రమం

ఐదు నాసిరకం స్పీకర్ల కంటే రెండు మంచి స్పీకర్లు మేలు. అందుచేత పరిమిత ఆదాయం గల కుటుంబం దశలవారీగా కొనవచ్చును.

* మొదటి దశ: రెండు ముందు స్పీకర్లు, యాంప్లిఫయరు. తరువాత 5.1కి విస్తరించే ఉద్దేశం ఉన్నచో స్టీరియో యాంప్లిఫయరుకు బదులు ఏవీ రిసీవరు తీసుకోవాలి. లేనిచో దానిని రెండవసారి కొనవలసి వస్తుంది.
* రెండవ దశ: సొంత యాంప్లిఫయరు గల సబ్‌వూఫరు.
* మూడవ దశ: మధ్య స్పీకరు, ఆ తరువాత వెనుక స్పీకర్లు.

చిన్న గదికి, సంభాషణల స్పష్టతకు సౌండ్‌బారు సరిపోతుంది, కాని దానిని విస్తరించటం కష్టం. యాంప్లిఫయరు సబ్‌వూఫరు పెట్టెలోనే ఉండే సెట్లలో అది చెడిపోతే మొత్తం సెట్టు మూగబోతుంది. మరమ్మతు కేంద్రం ఎంత దూరంలో ఉన్నదో కూడా ధరలో భాగమే. భద్రాచలం నుండి ఖమ్మానికి వంద కిలోమీటర్లకు పైగా దూరం. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో చవకగా కొన్న పరికరాన్ని బాగుచేయించటానికి మళ్ళీ అంత దూరం మోయవలసి రావచ్చు.

గది

కాంక్రీటు స్లాబు, సిమెంటు గోడలు, గ్రానైటు లేదా టైల్సు నేల గల గదిలో శబ్దం పదేపదే పరావర్తనం చెంది మాటలు అలుక్కుపోతాయి. గది మధ్యలో చప్పట్లు కొట్టినపుడు గణగణమను ధ్వని వస్తే అది ఈ లోపమే. నేలపై జంపఖానా, కిటికీలకు మందపాటి తెరలు, వెనుక గోడకు బొంత లేదా దూది పరుపు, పుస్తకాల అర దీనిని బాగా తగ్గిస్తాయి. కోడిగుడ్ల అట్టలు అంటించటం వలన ప్రయోజనం స్వల్పం, నిప్పు అంటుకొనే ప్రమాదం అధికం.

అటవీ సరిహద్దు గ్రామాలలో వెదురు తడికకు మట్టి మెత్తిన గోడలు, పెంకుల కప్పు గల ఇళ్ళు కనిపిస్తాయి. పలుచని గోడల నుండి మంద్రధ్వని బయటకు పోతుంది కనుక లోపల గుమగుమ తక్కువ, పొరుగువారికి ఇబ్బంది ఎక్కువ.

ప్రతి గది కొన్ని మంద్రధ్వనులను అతిగా పెంచుతుంది. 12 అడుగుల పొడవుకు అది సుమారు 47 హెర్ట్జ్, 10 అడుగులకు 56 హెర్ట్జ్. పొడవు, వెడల్పు సమానమైన గదిలో రెండూ ఒకేచోట కలసి లోపం తీవ్రమవుతుంది.

అమరిక

* ముందు స్పీకర్లు, ప్రేక్షకుడు కలసి సుమారు సమబాహు త్రిభుజంగా ఏర్పడాలి. ట్వీటరు కూర్చున్నవారి చెవి ఎత్తులో ఉండాలి.
* మధ్య స్పీకరు టీవీకి సరిగ్గా క్రింద గాని, పైన గాని శ్రోత వైపు తిరిగి ఉండాలి.
* వెనుక స్పీకర్లు శ్రోతకు ఇరుప్రక్కల, ముందు దిశ నుండి 100 - 120 డిగ్రీల కోణంలో ఉండాలి.
* సబ్‌వూఫరును కూర్చొనే చోట పెట్టి మోగించి, గోడల వెంట నడుస్తూ మంద్రధ్వని సమంగా వినిపించిన చోటును గుర్తించి అక్కడకు మార్చాలి. మూలన పెడితే శబ్దం పెరుగుతుంది, స్పష్టత తగ్గవచ్చు.
* రిసీవరులో చిన్న స్పీకర్లకు క్రాసోవరు 80 హెర్ట్జ్ వద్ద ఉంచుట వాడుక.
* 10 మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలును. రానుపోను దాని నిరోధం సుమారు 0.23 ఓములు మాత్రమే. ఖరీదైన తీగలు అనవసరం.

విద్యుత్తు, వాతావరణం

సైన్ తరంగం ఇవ్వని ఇన్వర్టరు మీద యాంప్లిఫయరు గుయ్యిమనవచ్చును. పరికరాలన్నిటినీ ఎర్తింగు సరిగా ఉన్న ఒకే ప్లగ్గు వరుసకు కలిపితే ఎర్తింగు తేడాల వలన వచ్చే హోరు సాధారణంగా తగ్గుతుంది. ఉరుములు మొదలయ్యే ముందే విద్యుత్ తీగతో పాటు డిష్ లేదా కేబుల్ తీగను కూడా ఊడదీయాలి, ఎందుకనగా పిడుగు ప్రభావం రెండు దారులలోను రాగలదు. వేసవి ఎండలు తీవ్రంగా ఉండే ఈ ప్రాంతంలో రిసీవరును మూసిన అలమారలో ఉంచరాదు. తేమకు స్పీకరు అంచున ఉండే ఫోము చివికిపోతుంది. రబ్బరు అంచు ఎక్కువ కాలం మన్నుతుంది. చెక్కపొట్టుతో చేసిన పెట్టెలను చెదల నుండి కాపాడటానికి ఇనుప స్టాండు ఉపయోగకరం.

గోదావరి ఒడ్డున మరొక జాగ్రత్త అవసరం. భద్రాచలం వద్ద నీటిమట్టం 43, 48, 53 అడుగులు చేరినపుడు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ అవుతాయి. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా పెరిగింది. సబ్‌వూఫరు, ప్లగ్గు బోర్డు నేలపైనే ఉంటాయి కనుక ముందుగా తడిసేవి అవే. లోతట్టు ఇళ్ళలో వాటిని ఎత్తైన దిమ్మెపై అమర్చి, మొదటి హెచ్చరిక నాటికే విప్పి పైకి చేర్చటం మంచిది. నీట మునిగిన పరికరాన్ని నిపుణుడు పరీక్షించనిదే విద్యుత్తుకు కలుపరాదు.