బొల్లారంలో బోటు: ఒక పాత స్కీ బోటును విప్పితే బయటపడ్డ వందేళ్ల చరిత్ర

ముందుగా ఒక డౌట్ క్లియర్ చేసేస్తా. నేను మాట్లాడేది రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం గురించి కాదు. ఇది సంగారెడ్డి జిల్లా బొల్లారం, పటాన్‌చెరు పక్కన, ఫ్యాక్టరీల మధ్య ఉన్న మా బొల్లారం. సముద్రం ఇక్కడికి దాదాపు మూడొందల కిలోమీటర్ల దూరం. అలాంటి ఊళ్లో ఉంటూ నేను పోయినేడాది ఒక బోటు కొన్నాను. మా అమ్మ ఒకే మాట అడిగింది: "ఉద్యోగం మానేసినవ్ సరే. పడవ ఏంది రా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. కానీ ఆ బోటును విప్పుతూ పోతే చాలా చరిత్ర తెలిసింది. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ముందు బోటు ఏంటో చెప్తా. హుస్సేన్‌సాగర్‌లో స్పీడ్ బోట్లు చూసే ఉంటారు. వాటిలో చాలావాటికి ఇంజన్ వెనకాల బయట వేలాడుతుంటుంది. అది ఔట్‌బోర్డ్. ఇంజన్ బోటు లోపలే కూర్చుని, అడుగు నుంచి ఒక షాఫ్ట్ ఏటవాలుగా నీళ్లలోకి దిగి, చివర ప్రొపెల్లర్ తిరిగితే అది ఇన్‌బోర్డ్. మన పాపికొండల లాంచీలో కింద నుంచి డుబడుబమని వినిపించే ఇంజన్ కూడా ఇన్‌బోర్డే. నేను కొన్నది మాత్రం లాంచీ కాదు. నీళ్ల మీద స్కీయింగ్ చేసేవాళ్లను తాడుతో లాగడానికి కట్టిన అమెరికన్ బోటు, 1980ల నాటిది. ఎవరో ఎప్పుడో తెప్పించుకున్నారు. చివరికి ఒక ఫామ్‌హౌస్ షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది. కంపెనీ పేరు చెప్పను. ఎందుకో తర్వాత మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు వందేళ్లు వెనక్కి వెళ్దాం. 1922, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, లేక్ పెపిన్ అనే సరస్సు. రాల్ఫ్ శామ్యూల్సన్ అనే 18 ఏళ్ల కుర్రాడికి ఒక ఆలోచన వచ్చింది: మంచు మీద జారినట్టు నీళ్ల మీద ఎందుకు జారకూడదు? ముందు పీపాల చెక్కలు కట్టుకుని చూశాడు, మునిగాడు. మంచు స్కీలు కట్టుకున్నాడు, మళ్లీ మునిగాడు. ఆఖరికి ఎనిమిదడుగుల పలకలు రెండు కొని, వాళ్లమ్మ రాగి కాగులో కొనలు ఉడకబెట్టి పైకి వంచాడు. సోదరుడు బెన్ బోటు నడిపాడు. రోజుల తరబడి పడుతూ లేస్తూ, జులై 2న, అంటే తన 19వ పుట్టినరోజుకు సరిగ్గా ముందురోజు, ఒక కిటుకు పట్టేశాడు. వెనక్కి వాలాలి, స్కీల కొనలు నీటిపైకి ఉండాలి. అంతే, లేచి నిలబడ్డాడు.

శామ్యూల్సన్ దానికి పేటెంట్ తీసుకోలేదు. 1925లో ఫ్రెడ్ వాలర్ అనే ఇంకొకాయన వాటర్ స్కీలకు పేటెంట్ తీసుకున్నాడు. మూడు ప్రొజెక్టర్లతో పెద్ద తెర మీద బొమ్మ వేసే సినెరామాను కనిపెట్టింది కూడా ఈ వాలరే. మొదట చేసింది శామ్యూల్సనే అని అమెరికన్ వాటర్ స్కీ సంఘం ఒప్పుకునేసరికి 1966 వచ్చింది. అంటే 44 ఏళ్లు. కోడ్ రాసింది ఒకరు, పేరు ఇంకొకరిది అని ఆఫీసుల్లో మనం ఏడుస్తుంటాం కదా, అది ఇవాళ్టి కథ కాదన్నమాట.

అసలు స్కీయింగ్‌కు వేరే బోటు ఎందుకు కావాలి? బోటు వెళ్తుంటే వెనకాల అల లేస్తుంది. స్కీయర్ ఆ అలను అటూ ఇటూ దాటుతుంటాడు. బరువైన ఇంజన్ వెనకాల ఉంటే బోటు తోక నీళ్లలోకి దిగి, అల గోడలా లేస్తుంది. అందుకే ఇంజన్‌ను మధ్యలో పెట్టారు. తాడు కట్టే ఇనుప స్తంభాన్ని కూడా ఇంజన్‌కు ముందు, మధ్యలోనే పాతారు. దాంతో స్కీయర్ ఎంత గట్టిగా పక్కకు లాగినా బోటు దారి తప్పదు. ఇంకో లాభం, ప్రొపెల్లర్ బోటు పొట్ట కిందే ఉంటుంది కాబట్టి వెనక నీళ్లలో ఉన్న మనిషికి కొంచెం దూరం. ఇంజన్‌గా ఏం పెట్టారు? కారు ఇంజనే. నా బోటులో ఉన్నది 5.8 లీటర్ల ఫోర్డ్ వి8. అందులో రేడియేటర్ ఉండదు. సరస్సు నీళ్లనే పంపుతో లోపలికి లాగి, ఇంజన్‌ను చల్లబరిచి, పొగతో పాటు బయటికి వదిలేస్తుంది.

ఇలాంటి బోట్లలో బాగా పేరున్నది స్కీ నాటిక్. 1961లో ఫ్లోరిడాలో లియో బెంట్జ్ అనే స్కీ ట్రైనర్ తయారుచేసిన డిజైన్‌ను కరెక్ట్ క్రాఫ్ట్ అనే కంపెనీ తీసుకుంది. ఆ కంపెనీ కథ కూడా వినాలి. 1925లో మెలూన్ కుటుంబం మొదలుపెట్టింది. 1945 మొదట్లో, రైన్ నది దాటడానికి అమెరికా సైన్యానికి అర్జెంటుగా బోట్లు కావాల్సొస్తే, కొద్ది వారాల్లోనే దాదాపు 400 చేసి ఇచ్చారు. తర్వాత 1950ల చివర్లో మళ్లీ సైన్యానికే ఫైబర్‌గ్లాస్ బోట్ల పెద్ద ఆర్డర్ దొరికింది. కంపెనీవాళ్లు చెప్పేదాని ప్రకారం, తనిఖీకి వచ్చినవాళ్లు లంచం ఆశించారు, వీళ్లు ఇవ్వలేదు, దాంతో బోట్లను రిజెక్ట్ చేస్తూ పోయారు. కంపెనీ దివాలా కోర్టు దాకా వెళ్లింది. ఆ అప్పులన్నీ తీరడానికి 1984 దాకా పట్టింది. తనిఖీ అనేది ఎంత పెద్ద విషయమో ఇక్కడ గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

ఇప్పుడు ఫైబర్‌గ్లాస్. రెండో ప్రపంచ యుద్ధం దాకా బోటంటే ఎక్కువగా చెక్కే. యుద్ధం తర్వాత గాజు నారను పాలియెస్టర్ రెజిన్‌లో తడిపి అచ్చులో పోసే పద్ధతి ఊపందుకుంది. చెక్కకు ఏటా రంగు వేయాలి, ఇది ఊరికే మెరుస్తుంది. "ఇక పుచ్చిపోవడం అనేదే లేదు" అనుకున్నారు జనం. కానీ ఒక పని చేశారు. పైన చిప్ప ఫైబర్‌గ్లాస్ అయినా, దానికి బలం ఇచ్చే దూలాలు మాత్రం లోపల చెక్కవే పెట్టి, వాటి మీద ఫైబర్ కప్పేశారు. వీటిని స్ట్రింగర్లు అంటారు. బోటు పొడుగునా ఉంటాయి. ఇంజన్ బోల్టులు దిగేది వీటిలోకే. ఆ బోల్టులకు, స్క్రూలకు వేసిన రంధ్రాల నుంచి చుక్క చుక్క నీళ్లు లోపలికి పోతాయి. మామూలు చెక్క తడిస్తే ఎండుతుంది. దీనికి చుట్టూ ఫైబర్ ఉంది కాబట్టి నీళ్లు బయటికి రావు. చీకట్లో, తడిలో, ఏళ్ల తరబడి లోపల్లోపలే కుళ్లుతుంది. పైన రంగు మాత్రం తళతళ. 1990ల మొదట్లో గానీ కొన్ని పెద్ద కంపెనీలు చెక్కను వదిలేయలేదు. అంటే 80ల నాటి బోటు ఎవరు కొన్నా, చాలావరకు కొంటున్నది ఈ చెక్కనే.

ఇదంతా నాకు కొనకముందే తెలుసా? యూట్యూబ్‌లో కొంత చూశా. అమ్మేవాడు మాత్రం "ఫుల్ కండిషన్ సార్" అన్నాడు. అడుగున కొత్త కార్పెట్, కొత్త రంగు. అదృష్టం బాగుండి ఒక పెద్దాయనను తోడు తీసుకెళ్లా. ఫ్యాక్టరీలకు ఫైబర్ ట్యాంకులు, యాసిడ్ తట్టుకునే లైనింగులు చేసి చేసి ఆయనకు జుట్టు తెల్లబడింది. కాకా అంటాను. కాకా బోటు అనేదాన్ని ముట్టుకోవడమే అదే మొదటిసారి. చిన్న సుత్తి తీసి అడుగంతా కొడుతూ పోయాడు. టంగ్, టంగ్, టంగ్, దబ్. ఆగాడు. "తమ్మీ, రంగు చూడకు. చప్పుడు ఇను." ఆ దబ్ అన్న చోట డ్రిల్ వేయనివ్వమని అడిగితే అమ్మేవాడు ఒప్పుకోలేదు. లేచి వచ్చేశాం. వారం తర్వాత అతనే ఫోన్ చేశాడు. డ్రిల్ వేశాం. బిట్టుకు పొడి రాలేదు, నల్లటి బురద వచ్చింది. చెప్పిన రేటులో సగానికి కొన్నాను. మంచి బేరం అనుకున్నా. ఎనిమిది నెలల్లో ఆ మిగిలిన సగానికి రెట్టింపు ఖర్చయింది, అది వేరే విషయం.

నేల కోశాం. దూలాలు చేత్తో తీస్తే ముద్దలా వచ్చాయి. ఎంత దూరం కోయాలని అడిగితే కాకా అన్నాడు: "కుళ్లు ఆగినకాడ ఆగొద్దు. మంచిది కనిపించినంక ఇంకో జానెడు కొయ్యి." కొలతలు రాసుకుని, కొత్త దూలాలు పెట్టి, గాజు నార, రెజిన్ పొరలు వేశాం.

నా ఈ ఎపిసోడ్‌కు అసలు కారణం ఇక్కడ జరిగింది. రోజూ పని అయ్యాక బ్రష్షులు, రోలర్లు అసిటోన్‌తో కడుగుతాం. సాయంత్రానికి ఒక డబ్బా మురికి అసిటోన్ మిగులుతుంది. మొదటి రోజు నేనే ఆ డబ్బా తీసుకుని షెడ్డు పక్క మోరీలో వంచబోయాను. ఎవరో చెప్తే కాదు, చేయి దానంతట అదే వెళ్లింది. కాకా డబ్బా పట్టుకున్నాడు. "గిట్లనే పోయినయ్ మా బాయిలు," అన్నాడు. బాయిలంటే బావులు.

ఇది మా ఊరి చరిత్ర. పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ ఫ్యాక్టరీలు 1970ల్లో, 80ల్లో వచ్చాయి. 1980లో ఇక్కడి మెదక్ నియోజకవర్గం నుంచి గెలిచింది సాక్షాత్తు ఇందిరా గాంధీ. ఉద్యోగాలొచ్చాయి. నన్ను బీటెక్ చదివించింది కూడా ఆ జీతమే, అబద్ధం చెప్పను. కానీ వాడిన నీళ్లు వాగుల్లోకి పోయాయి. ఇస్కవాగు, నక్కవాగు, అక్కడి నుంచి మంజీర. పొలాలు, బావులు పాడయ్యాయి. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. అది హైకోర్టుకు, అక్కడి నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు మారి, 2017లో తీర్పు వచ్చింది. 27 ఏళ్లు, ఇంచుమించు నా వయసు. మధ్యలో 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో మందుల కంపెనీల నీళ్లను శుద్ధిచేసే ప్లాంటు దగ్గర తీసిన శాంపిళ్ల ఫలితాలు ప్రచురించారు. శుద్ధయ్యాక బయటికి వచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ దొరికింది. మనం జ్వరానికో ఇన్ఫెక్షన్‌కో వేసుకునే యాంటీబయాటిక్ అది.

ఒక్క రోజులో ఎవరూ వాగును చంపలేదు. ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు, నాలాగే, "ఒక్క డబ్బానే కదా" అనుకుని ఉంటారు. ఆ డబ్బా ట్యాంకర్ కావడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఇప్పుడు మా షెడ్డులో అసిటోన్‌ను మూతపెట్టిన డ్రమ్ములో పోసి, తేర్చి మళ్లీ వాడుతున్నాం. మిగిలిన రెజిన్‌ను గట్టిపడనిచ్చి, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోయే సరుకుతో కలిపి పంపిస్తున్నాం.

మరి బోటు ఎక్కడ తిప్పుతావ్ అని అడుగుతారు. మా ఆసనికుంటలో కాలు పెట్టడానికే మనసొప్పదు. సంగారెడ్డి దగ్గర మంజీర బరాజ్ అభయారణ్యం, పైగా మొసళ్లు. స్కీయింగ్ చేస్తూ పడితే లేవడానికి రెండో ఛాన్స్ ఉండదు. పర్మిషన్ దొరికే నీళ్లు దొరికినా, ముందు తనిఖీ, రిజిస్ట్రేషన్ కావాలి. 1917 నాటి పాత చట్టం పోయి, 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. మోటారు బోటుకు సర్వే తప్పనిసరి.

దీన్ని దాటేద్దామని నాకూ ఒక ఫ్రెండ్ సలహా ఇచ్చాడు. "ఎవడు చూస్తాడ్రా, నాలుగు రౌండ్లేసి వీడియో తీసుకో." అప్పుడు నాకు కచ్చులూరు గుర్తొచ్చింది. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో టూరిస్టు బోటు మునిగింది. 77 మంది ఎక్కితే 26 మంది బయటపడ్డారు. అక్టోబర్ 22న ధర్మాడి సత్యం గారి బృందం ఆ బోటును పైకి లాగింది. హైదరాబాద్ నుంచి, వరంగల్ నుంచి వెళ్లినవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఎక్కేటప్పుడు వాళ్లకు కనిపించింది రంగు, సీట్లు, పాటలే. మిగతాది ఎవరో చూసి ఉంటారని నమ్మారు. టికెట్ కొన్నవాడు సుత్తితో కొట్టి చూడలేడు కదా. అది చూడాల్సినవాడు వేరే ఉంటాడు. నా బోటు విషయంలో ఆ వేరేవాడిని నేనే.

కాబట్టి బోటు ఇంకా షెడ్డులోనే ఉంది. దూలాలు అయిపోయాయి, ఇంజన్ బెంచ్ మీద ఉంది, షాఫ్ట్ బేరింగ్ రావాలి. నీళ్లలో దిగే వీడియో ఎప్పుడని అడగకండి, సర్వే కాగితం వచ్చాకే. మొన్న మా అమ్మ షెడ్డుకు వచ్చింది. బోటు చుట్టూ ఒక రౌండేసి, కాకా సుత్తి తీసుకుని అడుగున నాలుగు చోట్ల కొట్టింది. అన్నిచోట్లా టంగ్ అనే వచ్చింది. "మంచిగనే ఉంది," అని వెళ్లిపోయింది.

మీ ఊళ్లో పాత లాంచీలు, పడవలు బాగుచేసే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వెళ్లి కూర్చుని మాట్లాడండి. ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. వాళ్ల చెవికి తెలిసింది ఇంకా ఎవరూ రాసి పెట్టలేదు. మళ్లీ కలుద్దాం, ఉంటాను.