చాట, వీసా, పెండ్లి ప్రకటన



రూతు గ్రంథాన్ని మనం అత్తాకోడళ్ళ ప్రేమ కథగా చదువుకుంటాం. కానీ అది మొదలయ్యేది కరువుతో. బేత్లెహేములో తిండి లేక ఎలీమెలెకు కుటుంబం మోయాబుకు పోయింది. అక్కడ తండ్రి చనిపోయాడు, కొడుకులకు ఆ దేశపు అమ్మాయిలతో పెండ్లిళ్ళయ్యాయి, సుమారు పదేండ్లకు కొడుకులూ పోయారు. ఆ సంసారాలన్నిటి వెనుక ఒక కరువుంది. మన మాక్లూర్, ఆర్మూర్ పల్లెల సంసారాల వెనుక ఏముందో ఈ వారం చూద్దామని కూర్చున్నాను.

పసుపు పండే భూమి ఉన్న ఇండ్లల్లో సంబంధం మాట్లాడితే ఎకరాలు లెక్కపెట్టేవారు. భూమి లేని ఇండ్లల్లో, మన సంఘంలో ఎక్కువ అవే, అడిగే ప్రశ్న వేరు. "పిల్లకు బీడీలు చేయవస్తదా? రోజుకు ఎన్ని చేస్తది?" ఒళ్ళో చాట పెట్టుకొని తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి దారం కట్టే చేతులకు అంత విలువ. రోజుకు వెయ్యి చేసే పిల్ల అంటే కట్నం దగ్గర కాస్త మెత్తబడేవారు.

1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది. 1976లో సంక్షేమ నిధి చట్టం, 1977లో ప్రావిడెంట్ ఫండ్. ఢిల్లీలో వాటిని చేసినవారు కార్మికుల మేలు కోరే చేశారు. ఆ కార్డు పెండ్లి మాటల్లోకి వస్తుందని వాళ్ళు అనుకొని ఉండరు. మన దగ్గర పీఎఫ్ ఉన్న పిల్ల వేరు, లేని పిల్ల వేరు అయింది. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల జీవన భృతి ఇచ్చారు, 2019లో 2016 చేశారు. దానికీ ఆ పీఎఫ్ నంబరే ఆధారం.

ఆ చాటను తక్కువ చేసి మాట్లాడను. మనలో చాలా ఇండ్ల గోడలు ఆ డబ్బుతో లేచినవే, అది ఆడవాళ్ళు తమ చేతులతో సంపాదించిన డబ్బు. కానీ చాట పట్టడానికి బడి మానిన పిల్లలు ఇప్పుడు మన స్త్రీల కూడికలో పెద్దవాళ్ళు. వాక్యం చదవమంటే బైబిలు పక్కామెకు అందిస్తారు. వాళ్ళను ఎందుకు బడి మాన్పించారని ఆ రోజుల్లో ఏ సంఘ పెద్దా అడిగినట్టు నేను వినలేదు.

మగపిల్లల లెక్క ఇంకోటి. 1973 తర్వాత పెట్రోలు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాల పని మొదలైంది. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి దుబాయి, సౌదీ, కువైట్ దారి పట్టారు. 1983లో వలసల చట్టం వచ్చింది. పనికి పోవడానికి ప్రభుత్వ అనుమతి కావాలన్నారు. అయినా పోయినవారు పోతూనే ఉన్నారు. "వీసా ఉన్న పిల్లగాడు" అన్న మాట సంబంధాల్లో స్థిరపడింది.

రెండేండ్ల ఒప్పందం, తర్వాత నెలో నెలన్నరో సెలవు. ఆ సెలవులోనే పిల్లను చూడడం, పెండ్లి, విందులు. గుడిలో మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదవాలంటే సెలవులో సగం దానికే పోతుంది. నేనే పిల్లగాడు విమానం దిగకముందు ప్రకటన చదివిన రోజులున్నాయి. సౌకర్యం చేశాననుకున్నాను.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం 5వ వచనం చూడండి. కొత్తగా పెండ్లైనవాడిని యుద్ధానికి పంపవద్దు, ఏ పనిభారమూ మోపవద్దు, ఏడాది పాటు ఇంట్లో ఉండి భార్యను సంతోషపెట్టాలి అని మోషే ధర్మశాస్త్రం. పాత నిబంధనలోని చిన్న చిన్న కట్టడల్లో ఇంత దయగలది నాకు ఎక్కువ కనబడదు. ఒక పెండ్లి తర్వాత ఈ మాట చెప్పి, ఈసారి కొన్నాళ్ళు ఆగమన్నాను. పిల్లగాని తల్లి కోపం చేసుకోలేదు. "ఆగుతం పాస్టరుగారూ, వీసా అప్పు మీద మిత్తి ఆగుతదా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మోషే రాజును, సైన్యాన్ని ఆపమన్నాడు గానీ మిత్తికి డబ్బిచ్చినవాణ్ణి నేనెట్లా ఆపను?

ఆ తర్వాత ఒకటి మార్చుకున్నాను. పెండ్లికి ముందు ఇద్దరినీ కూర్చోబెట్టినప్పుడు మొదట తిరుగు టికెట్టు తారీఖు అడుగుతాను. చాలాసార్లు పిల్లకు అది అక్కడే తెలుస్తుంది.