లండను నీళ్ళు – విజయనగరం చలివేంద్రం

లండను నగరానికి తల్లి థేమ్సు నది. సముద్రపు పోటు అందే తావు, వంతెన కట్టడానికీ వీలైన తావు చూసుకొని క్రీ.శ. ఒకటవ శతాబ్దిలో రోమనులు అక్కడ ‘లొండీనియం’ పట్టణాన్ని నెలకొల్పారు. విశాఖ ఆటోనగర్‌లో కాపురముండే నావంటివారికి ఈ పోటుపాటుల సంగతి కొత్త కాదు. మేఘాద్రిగెడ్డ కడలిని కలిసే ఉప్పుటేరే కదా 1933లో ఓడరేవుగా తెరుచుకున్నది! అయితే ఏటికి పోటు రావడం ఓడలకు మేలే గాని ఊరికి కీడు. పాటుతో పోయిన మురికి పోటుతో తిరిగి వస్తుంది.

పందొమ్మిదవ శతాబ్దిలో జరిగినది అదే. ఊరి మురుగంతా థేమ్సులోకి; త్రాగునీరు చాలావరకు ఆ థేమ్సు నుండే. 1854లో సోహో పేటలో కలరా ప్రబలినప్పుడు డాక్టరు జాన్ స్నో ఇల్లిల్లూ తిరిగి, చావులు లెక్కకట్టి, బ్రాడ్ వీధి చేతిపంపు నీరే మూలమని చూపి, ఆ పంపు పిడి ఊడదీయించాడు. వైద్యులలో అధికులు అప్పటికీ చెడుగాలియే రోగకారణమని నమ్మేవారు. 1858 వేసవిలో నది కంపు పార్లమెంటు సభ్యుల ముక్కుపుటాలకు సోకిన పిమ్మట గాని (ఏలినవారి ముక్కుకు తగలనిదే ఏ దేశంలో పని జరిగింది కనుక!) బజాల్జెట్ అనే ఇంజనీరు తలపెట్టిన భూగర్భ మురుగుకాలువలకు అనుమతి దొరకలేదు.

1859లో ఒక ధర్మసంఘం ఏర్పడి, వీధులలో ఉచితంగా మంచినీరిచ్చే రాతి కట్టడాలను నిలపసాగింది. మన మాటలో చెప్పాలంటే చలివేంద్రాలు. హైడ్ పార్కులో మార్బుల్ ఆర్చికి చేరువగా 1867లో గోతిక్ ఫణితిలో అటువంటిది ఒకటి వెలిసింది. దాత ఎవరనుకున్నారు? మన విజయనగరం మహారాజు విజయరామ గజపతిరాజు!

దాహార్తులకు నీరివ్వడం మన పెద్దలెరిగిన పుణ్యమే. కాని అంతకు ముందటి యేడు, 1866లో, ఒరిస్సాను కబళించిన కరవు గంజాం సీమను కూడ పీడించింది. ఒక్క ఒరిస్సాలోనే సుమారు పదిలక్షలమంది మరణించారు. ఆ వెనువెంటనే పొరుగు సంస్థానపు సొమ్ము లండనులో రాతి గోపురం కావడం నాకు మింగుడుపడదు. అలాగని దోషమంతా రాజుగారిపై మోపడమూ న్యాయం కాదు. విజయనగరంలో ఆయన ఏలుబడిలోనే 1857లో వెలసిన పాఠశాల 1879లో కళాశాల అయింది. పైగా సామ్రాజ్యపు రాజధానిలో పేరు చెక్కించుకుంటే గాని దొరల చూపు పడని కాలమది.

1964లో ఆ కట్టడాన్ని తొలగించారు. ఆ చోటును తెలిపే ఫలకం ఒకటి మిగిలింది. లండనులో మీ పిల్లలుంటే, మార్బుల్ ఆర్చి వైపు వెళ్ళినప్పుడు ఒక్కసారి దానిని చూసి రమ్మనండి.