గుర్తు తెలియని కళాకారుడు

నా కంప్యూటరులో పోగైన పాటలు నాలుగు వేల పైచిలుకు. వాటిని ఒక వరుసలో వినే ఓపిక పోయి చాలా కాలమైంది. ఆదివారం పూట అన్నిటినీ కలగలిపి వినిపించమని యంత్రానికే వదిలేసి, పుస్తకాలు సర్దుకుంటూ కూర్చుంటాను. సైగల్ తరువాత బాలమురళి, ఆయన వెనుకే ఘంటసాల, ఆ వెంటనే మా అమ్మాయి ఎక్కించిన కొత్త సినిమా పాట. పేకముక్కలు కలిపినట్టే. కాలక్రమం లేదు, రాగక్రమం లేదు, మర్యాదాక్రమం అసలే లేదు.

గత నెలలో అలా వింటూ ఉండగా ఒక లలితగీతం వచ్చింది. వేణువు, దాని వెనుక ఒక స్త్రీ కంఠం. రెండవ చరణం సగంలో పాట తెగిపోయింది. ఎవరు పాడారా అని తెర వైపు చూశాను. పాట పేరు 'ట్రాక్ 07'. పాడినవారు 'అన్‌నోన్ ఆర్టిస్ట్'. గుర్తు తెలియని కళాకారుడు అన్నమాట.

కుతూహలం కొద్దీ లెక్క చూశాను. నా సేకరణలో ఘంటసాల పాటలకంటె ఈ గుర్తు తెలియని కళాకారుడి పాటలే ఎక్కువ! ఆడగొంతులు, మగగొంతులు, హరికథలు, నాదస్వరం, అన్నీ ఆయన ఖాతాలోనే ఉన్నాయి.

పాటకు పేరు అంటిపెట్టుకొని ఉండడం మొదటినుంచీ కష్టసాధ్యమైన సంగతే. 1902లో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ గ్రామఫోను కంపెనీ కోసం గౌహర్ జాన్ చేత పాడించినప్పుడు, ఆమె మూడు నిమిషాల పాట ముగియగానే తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకొనేది. ఆ రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివారికి ఈ భాష తెలియదు కనుక ఏ పాట ఎవరిదో గుర్తించడానికి అది ఉపకరించేది. కారణం ఏదైనా, ఆ పేరు పాటలోనే చెక్కబడిపోయింది. దానిని చెరపడం ఎవరి తరమూ కాలేదు.

తరువాతివారికి అంత అదృష్టం పట్టలేదు. 1949 నాటి 'మహల్' చిత్రంలోని ప్రసిద్ధ గీతం రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు లేదు, 'కామిని' అని పాత్ర పేరు ఉన్నది. పాడిందెవరని శ్రోతలు రేడియోకు ఉత్తరాలు రాయగా రాయగా ఆ పేరు బయటికి వచ్చింది. మన 'మాయాబజార్' (1957) సంగతీ అంతే. నౌకావిహారం పాటతో సహా నాలుగు పాటలకు వరుసలు కట్టినది సాలూరి రాజేశ్వరరావు. ఆయన తప్పుకున్నాక తక్కిన సంగీతమంతా ఘంటసాల నిర్వహించారు. ఎరిగినవారు చెప్పకపోతే ఆ నాలుగు వరుసల మీద సాలూరివారి పేరు మనకెలా తెలుస్తుంది?

సినిమా పాటకు ఎంతో కొంత రక్షణ ఉన్నది. రికార్డు ఉంటుంది, పాటల పుస్తకం ఉంటుంది, అభిమానులుంటారు. రేడియో లలితగీతానికి చాలావరకు ఆ రక్షణ లేదు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైనది మొదలు, బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారి పూనికతో, ఎన్నెన్ని పాటలు గాలిలోకి వెళ్ళాయో! వాటిలో చాలావాటికి దుకాణంలో దొరికే రికార్డే లేదు. వినేవాడి క్యాసెట్టే వాటికి భాండాగారం.

గుడివాడలో మా నాన్నగారు అటువంటి భాండాగారి. సాయంత్రం టూ-ఇన్-వన్ ముందు వీరాసనం వేసుకొని, అనౌన్సరు గొంతు సవరించుకోగానే రెండు మీటలూ కలిపి నొక్కేవారు. ఆ నిమిషంలో ఇంట్లో ఎవరైనా దగ్గితే అంతే సంగతులు. అరవై నిమిషాల క్యాసెట్టు, ముప్పై నిమిషాలకు ఒక వైపు అయిపోయేది. ఆ రోజు రెండవ చరణం సగంలో పాట తెగిపోయినది అందుకే.

ఇక అసలు సంగతి చెప్పాలి. 2006లో ఆ క్యాసెట్లను ఫైళ్ళుగా మార్చినది నేనే. ప్రతి పాటకు ముందు అనౌన్సరు రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా అని స్పష్టంగా చెప్పేవారు. పాట 'శుభ్రంగా' ఉండాలని ఆ మాటలన్నీ ఓపికగా, ఒక్కటి కూడా వదలకుండా కత్తిరించాను. పేర్లు నాన్నగారి దస్తూరీలో క్యాసెట్టు అట్టల మీద ఉన్నాయి కదా అని ధైర్యం. ఆ తరువాత, క్యాసెట్లకు బూజు పట్టిందని అట్టలతో సహా పాత సామాన్లవాడికి వేసేశాను.

"పేర్లు ఎక్కించావురా?" అని ఆయన అడిగారు.

"తరువాత ఎక్కిస్తాలెండి నాన్నగారూ" అన్నాను.

ఆయన 2011లో పోయారు. మరొక్కమారు అడగలేదు.

ఆ ఆదివారం సాయంత్రమే మా మేనత్తకు ఫోను చేసి, ఆ క్యాసెట్టులోని పదకొండు పాటలూ వినిపించాను. ఆవిడకు ఎనభై నాలుగేళ్ళు. నాలుగింటికి తడుముకోకుండా పేర్లు చెప్పింది. ఏడవది రెండుసార్లు పెట్టించుకున్నది. "ఈ గొంతు నాకు తెలుసురా, పేరే నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. మీ నాన్న ఉంటే చెప్పేవాడు" అన్నది.

తెలిసిన నాలుగు పేర్లూ ఎక్కించాను. ఏడవ పాటకు 'అన్‌నోన్ ఆర్టిస్ట్' అన్న మాట తీసివేశాను. ఆమె ఎవరికీ తెలియని మనిషి కాదు. పేరు చెప్పే పాడింది, అనౌన్సరు చెప్పారు, మా నాన్నగారు రాసిపెట్టారు. పోగొట్టినది నేను. అందుచేత ఆ గడిలో ఇలా రాసుకున్నాను: "విజయవాడ కేంద్రం. నాన్నగారి క్యాసెట్టు. గాయని పేరు నావల్ల పోయింది."

మీ ఇళ్ళలో అటువంటి క్యాసెట్లు మిగిలి ఉంటే, ఫైళ్ళుగా మార్చేటప్పుడు పాటకు ముందు వచ్చే ఆ నాలుగు మాటలనూ ఉండనివ్వండి. గరగరలాడినా సరే.