ఉప్పును ఆపిన వాక చెట్టు

హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు రోడ్డెక్కితే కాసేపటికే మామిడి తోటలు మొదలవుతాయి. ఇప్పుడు ఎక్కడ చూసినా సిమెంటు స్తంభాలు, ముళ్ళతీగ. వాక, గచ్చ, సీమచింత కలిసి అల్లుకున్న పాతకాలపు పచ్చి కంచె కంటబడితే నాకు ప్రాణం లేచి వస్తుంది. రసాల కాపు ముగిశాక, వానల్లో పప్పులోకి పుల్లటి వాక్కాయలిచ్చేది ఆ కంచే.

ఈ వాక ఒకప్పుడు సామ్రాజ్యానికే కాపలా కాసింది. పన్ను కట్టని ఉప్పు దాటిపోకుండా బ్రిటిష్‌వాళ్ళు ఉత్తర, మధ్య భారతాలకు అడ్డంగా సుంకం గీత గీశారు. 1869 నాటికి దాని పొడవు సుమారు 3,700 కిలోమీటర్లు, కాపలాకు దాదాపు 12,000 మంది. మొదట ఎండు ముళ్ళకంప వేశారు. చెదలు తిన్నాయి, నిప్పంటుకుంది, గాలివానకు లేచిపోయింది. 1867లో సుంకాల కమిషనర్‌గా వచ్చిన ఏ.ఓ. హ్యూమ్, అదే 1885లో కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్న హ్యూమ్, పచ్చి కంచె పెంచే పని చేపట్టాడు. ఏ నేలకు ఏది పడుతుందో చూసి వాక, రేగు, తుమ్మ, జెముడు నాటించాడు. చవిటి నేలలో కందకం తీసి మంచి మట్టి నింపించాడు. నీరు నిలిచేచోట కట్ట పోసి, దాని మీద నాటించాడు. ఏపుగా పెరిగినచోట కంచె 12 అడుగులు లేచింది. 1879లో ఆ గీతను ఎత్తేశారు. పేదవాడి కంచంలో ఉప్పుకు అడ్డు నిలిచిన కంచె పోవడమే న్యాయం. పెంచిన పద్ధతి మాత్రం మనకు పనికొస్తుంది.

అయితే కంచె కోసం నాగజెముడు జోలికి మాత్రం పోవద్దు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ మొక్క దక్షిణాది పొలాలను కమ్మేస్తే, 1926లో శ్రీలంక నుంచి కోచినీల్ పురుగును తెచ్చి అణచాల్సి వచ్చింది.

వాకకు పండిన కాయల గింజలు తీసిన వెంటనే నాటాలి, ఆరబెట్టి దాస్తే మొలవవు. ఏడాది పెరిగిన మొక్కల్ని తొలకరికి రెండు వరసల్లో, రెండడుగులకొకటి చొప్పున, ఒక వరస సందులో రెండో వరస మొక్క వచ్చేలా పెట్టాలి. తల తుంచకపోతే అడుగున ఖాళీ మిగిలి మేక దూరుతుంది. అందుకే మొదటి ఏడే తుంచాలి. వేరూనేదాకా బయట ఎండుకంప దడి ఉండాలి.

ముళ్ళతీగకు 1874లో అమెరికాలో జోసెఫ్ గ్లిడెన్ పేటెంట్ పొందాడు. పాతిన రోజునుంచే అది పనిచేస్తుంది, నిజమే. వాకకు మూడేళ్ళ ఓపిక కావాలి. ఈ వానాకాలం పండిన వాక్కాయలు దొరికితే గింజలు పారేయకండి. తోట గట్టున ఒక్క వైపైనా నాటండి.