పోగొట్టుకొన్నచోటనే

పోగొట్టుకొన్నచోటనే వెదకుకొనవలెనని మన పెద్దలందురు. పోయినది నమ్మకమైనచో ఆ వెదకులాట యెంత దుష్కరమో అమెరికా విమానయానచరిత్రయందలి యొక వృత్తాంతము తెలుపుచున్నది.

మూసిన తలుపునకు ఆవల కూర్చున్న పైలట్ ముఖమైనను చూడక, తన ప్రాణములను అతని చేతులలో నుంచి ప్రయాణికుడు నిద్రించును. కావుననే, అత్యున్నతమైన ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సును గోరువాడు నైపుణ్యముతోపాటు సచ్ఛీలమును గలవాడై యుండవలెనని ఆ దేశపు నిబంధనలు విధించినవి.

1990 మార్చి 8వ తేదీ ప్రాతఃకాలమున ఫార్గోనుండి మినియాపొలిస్‌నకు నార్త్‌వెస్ట్ సంస్థవారి బోయింగ్ 727ను నడిపిన కెప్టెన్ లైల్ ప్రౌస్, వియత్నాం యుద్ధమున మెరైన్ దళపు పైలట్‌గా పనిచేసినవాడు, పూర్వరాత్రి విస్తారముగా మద్యము సేవించి, ఆ మత్తు దేహమును వీడకమునుపే విమానమెక్కెను. ఆతని సహచరు లిద్దరును అట్టివారే. విమానము క్షేమముగ దిగినది, మువ్వురును నిర్బంధింపబడిరి. క్షేమముగ దిగినంతమాత్రమున దోషము తొలగదు గదా! ప్రౌస్‌నకు 16 నెలల కారాగారశిక్ష పడెను. లైసెన్సులును, ఉద్యోగమును, పరువును ఒక్కమారే పోయినవి. ఆట్లాంటా కారాగారమున ఆతడు 424 దినములు గడపెను.

అయినను ద్వారము పూర్తిగా మూయబడలేదు. పానవ్యసనమును వ్యాధిగా నెంచి, చికిత్స చేయించి, కఠినమైన పర్యవేక్షణ క్రింద పైలట్లను మరల వృత్తికి దెచ్చు పద్ధతి నొకదానిని పైలట్ల సంఘమును, విమానసంస్థలును, ప్రభుత్వశాఖయు గలిసి 1974 నుండియే నడుపుచుండెను. మద్యమును విసర్జించిన ప్రౌస్, వేలకొలది గంటలు ఆకాశమున గడపినవాడయ్యును, తొలి పాఠము నేర్చు విద్యార్థివలె చిన్నవిమానముతో నారంభించి ఒక్కొక్క లైసెన్సును మరల సంపాదించెను. 1993లో నార్త్‌వెస్ట్ అధిపతి జాన్ డాస్‌బర్గ్ ఆతనిని తిరిగి కొలువున జేర్చుకొనెను. 1998లో, ఆనాటి నియమము ప్రకారము అరువదియేండ్లు నిండగా, 747 విమానపు కెప్టెన్‌గా ఆతడు విరమించెను. ఆనాటి సహచరులలో నొకడైన ఫ్లైట్ ఇంజనీరు జోసెఫ్ బాల్జరును కాలక్రమమున మరియొక పెద్ద సంస్థలో పైలట్ అయ్యెను.

దండనము న్యాయమే, దానిని తగ్గింపుమని కోరుట ప్రయాణికులకు ద్రోహము. కాని శిక్ష ముగిసినవానికి మొదటిమెట్టునైనను మిగుల్పని ధర్మము అసంపూర్ణమని నా దృఢవిశ్వాసము. 2001 జనవరిలో అధ్యక్షుడు క్లింటన్ ప్రౌస్‌నకు క్షమాభిక్ష ప్రసాదించెను. ఆ క్షమాభిక్షను గోరిన యభ్యర్థనమును బలపరచినవారిలో, ఆనాడు శిక్ష విధించిన న్యాయమూర్తి జేమ్స్ రోజెన్‌బామ్ ఒకడు.